కంతిని తీసి, కిడ్నీని నిలిపి

పిత్తాశయములో రాళ్లున్నవేమో చూడవలెనని, లేక అజీర్తి ఎంతకును తగ్గలేదని, లేక కొలువులో చేరుటకు ముందు దేహపరీక్ష తప్పదని శాలిబండలోనో, చాంద్రాయణగుట్ట రహదారి మీదనో ఉన్న ఏదో స్కానింగు కేంద్రమునకు పోయి, కడుపు మీద చల్లని జెల్లు పూయించుకొని పడుకొన్న మనుష్యునకు, తాను పోయిన పనితో ఏ సంబంధమును లేని ఒక వాక్యము చేతిలోని కాగితము మీద కనబడుట నేటి కాలమున అరుదైన సంగతి కాదు. కుడి కిడ్నీ పైభాగమున 3 సెంటీమీటర్ల గడ్డ యున్నదనియు, సి.టి. స్కాన్ తీయించి నిర్ధారించుకొనుట మేలనియు ఆ కాగితము చెప్పును. నొప్పి లేదు, జ్వరము లేదు, మూత్రములో నెత్తురు పడుట లేదు. ఆకలియు నిద్రయు ఎప్పటివలెనే ఉన్నవి. అయినను ఆ సాయంకాలము ఇల్లు చేరునప్పటికి క్యాన్సరు అను మాట ఎవరును పైకి పలుకకయే ఇంటినిండ తిరుగాడుచుండును. చుట్టపక్కాలలో ఒకరు తప్పక అనెడి మాటయు ఒకటున్నది: "ఎందుకొచ్చిన తిప్పలు చిన్నాయనా, ఆ కిడ్నీ తీయించేసుకో. ఇంకోటి ఉండనే ఉన్నది గదా!" ప్రేమతో అనిన మాటయే యిది. కాని 3 సెంటీమీటర్ల కంతి కొరకు 11 సెంటీమీటర్ల అవయవమును పోగొట్టుకొనవలెనా అను ప్రశ్నకు వైద్యశాస్త్రము కొన్ని దశాబ్దులుగా వెదకి వెదకి చెప్పుచున్న సమాధానము వేరు. సాధ్యమగునంత వరకు కంతిని మాత్రమే కోసి తీసి, తక్కిన కిడ్నీని కుట్టి నిలుపవలెనని ఆ శాస్త్రము చెప్పుచున్నది. పార్షియల్ నెఫ్రెక్టమీ అని డాక్టర్లు పిలుచుకొనెడి ఆ శస్త్రచికిత్సను గూర్చి మన హైదరాబాదు నగరవాసులు తెలిసికొని యుండుట అత్యావశ్యకమని నా దృఢవిశ్వాసము.

పూర్వము కిడ్నీ క్యాన్సరు మూడు లక్షణములతో బయటపడునని వైద్యవిద్యార్థులకు పాఠము చెప్పెడివారు: నడుము పక్కన నొప్పి, చేతికి తగిలెడి గడ్డ, మూత్రములో రక్తము. ఈ మూడును కూడి కనబడునప్పటికి వ్యాధి చాల దూరము పోయి యుండెడిది. అల్ట్రాసౌండ్ యంత్రము గల్లీగల్లీకిని వచ్చిన పిమ్మట ఆ స్థితి మారినది. నేడు గుర్తింపబడుచున్న కిడ్నీ కంతులలో సగమునకు మించినవి వేరొక కారణమున తీసిన స్కానులో యాదృచ్ఛికముగా కనబడుచున్నవే. కిడ్నీ దాటి పోక 4 సెంటీమీటర్లకు లోబడి యున్న క్యాన్సరును టి1ఎ దశ యనియు, 4 నుండి 7 సెంటీమీటర్ల వరకు ఉన్నదానిని టి1బి యనియు వ్యవహరింతురు. ఈ చిన్న కంతులన్నియు క్యాన్సరు కావని ముందుగా తెలిసికొనవలెను. 4 సెంటీమీటర్ల లోపు కంతులను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినచో, ఇంచుమించు అయిదింట ఒకటి ప్రాణభయము లేని గడ్డయే యని తేలుచుండును. 1 సెంటీమీటరునకు లోబడిన వానిలో ఈ పాలు దాదాపు సగము. వీనిలో యాంజియోమయోలైపోమా అనునది తనలోని కొవ్వు వలన సి.టి.లో చాలవరకు పట్టుబడును. ఆంకోసైటోమా అనునది మాత్రము చిత్రములో క్యాన్సరును అచ్చముగా పోలి యుండి, బయటకు తీసి చూచినదాక తన సాధుస్వభావమును తెలుపదు. అట్టి నిరపాయకరమైన గడ్డ కొరకు సంపూర్ణమైన కిడ్నీని కోల్పోయిన మనుష్యుని కష్టము ఎవరు తీర్చగలరు?

పిడికిలి కన్న కొంచెము పెద్దదై, 150 గ్రాముల బరువుతో, వెన్నెముకకు ఇరువైపుల కొవ్వు మెత్తలో ఒదిగి యుండెడి ఈ అవయవమునకు గుండె తాను పంపెడి రక్తములో ఐదవ వంతును సమర్పించుచున్నది. అనగా నిమిషమునకు లీటరునకు పైబడిన రక్తము రెండు కిడ్నీల గుండ పోవుచుండును. దినమునకు 180 లీటర్ల ద్రవము వడకట్టబడి, అందులో లీటరున్నర తప్ప తక్కినదంతయు తిరిగి శరీరమునకు అందజేయబడును. ఈ పని చేయునవి నెఫ్రాన్లు అను సూక్ష్మనాళికలు. ఒక్కొక్క కిడ్నీలో అవి సుమారు 10 లక్షలుండును. పుట్టిన తరువాత కొత్త నెఫ్రాను ఒక్కటియు పుట్టదు. సగము పోయినప్పుడు మిగిలినవి బరువు పంచుకొని ఎక్కువ పని చేయును, కొంత పెరుగును. ఆ సామర్థ్యము మీదనే కిడ్నీ దానము చేసిన పుణ్యాత్ములు దశాబ్దుల పర్యంతము సుఖముగా జీవించుచున్నారు. "వారు బ్రతుకుట లేదా?" యని కొందరు వాదింతురు. దాతను ఎన్నుకొనునప్పుడు చక్కెరవ్యాధి యున్నదా, రక్తపోటున్నదా, మూత్రములో ప్రోటీను పోవుచున్నదా యని జల్లెడ పట్టి, సంపూర్ణారోగ్యవంతుని మాత్రమే అంగీకరింతురు. కిడ్నీ కంతి వచ్చువాడు సాధారణముగా యాభై అరువదియేండ్ల వాడు, బి.పి. మాత్రలు మింగుచున్నవాడు, బీడీయో సిగరెట్టో ఏండ్ల తరబడి కాల్చినవాడు, దేహము బరువెక్కినవాడు. స్థూలకాయము, ధూమపానము, అధిక రక్తపోటు అను మూడును ఈ క్యాన్సరునకు కారణములే. అవే మిగిలిన కిడ్నీకిని శత్రువులు. దాతతో ఇతనిని పోల్చుట న్యాయము కాదు.

కిడ్నీలో ఒక ముక్కను కోయుట ఏల కష్టమో తెలియవలెనన్నచో దాని రక్తనాళముల అమరికను చూడవలెను. కిడ్నీకి వచ్చెడి ధమని లోపల ప్రవేశించుచు శాఖలుగా చీలి, ఒక్కొక్క శాఖ ఒక్కొక్క భాగమును మాత్రమే పోషించును. కిడ్నీని ఇట్లు అయిదు ఖండములుగా విభజింపవచ్చునని ఇంగ్లండు శస్త్రవైద్యుడు గ్రేవ్స్ 1954లో నిరూపించెను. చెరువు తూము నుండి బయలుదేరిన పిల్లకాలువలలో ఒకదానిని మూసినచో దాని క్రింది మడి ఎండిపోవునే గాని, పక్క కాలువ నీరు పొర్లి వచ్చి దానిని తడపదు. ఇచటి ధమనుల స్వభావమును అట్టిదే. కావున శస్త్రవైద్యుడు పొరపాటున ఒక శాఖను కట్టివేసినచో, కంతితో సంబంధము లేని ఆరోగ్యవంతమైన ఖండము చచ్చిపోవును. కంతిని ముట్టకముందే ఏ కొమ్మ ఎచటికి పోవుచున్నదో సి.టి. చిత్రములో గంటల తరబడి పరిశీలించు వైద్యుని ఓర్పునకు కారణమిది.

కిడ్నీ శస్త్రచికిత్స చరిత్ర ఆరంభమగుటయే "ఒకటి చాలును" అను సిద్ధాంతముతో. 1869 ఆగస్టు 2న జర్మనీ దేశమున హైడెల్బర్గ్ నగరమున గుస్తావ్ సైమన్ అను శస్త్రవైద్యుడు, మూత్రనాళమునకు రంధ్రము పడి నిరంతరము మూత్రము స్రవించుచు బాధపడుచున్న ఒక స్త్రీకి, బాగుగా ఆలోచించి సంకల్పించి, ఒక కిడ్నీని తొలగించెను. ఒక్కదానితో ప్రాణి బ్రతుకునని అంతకు ముందు కుక్కల మీద ప్రయోగములు చేసి ధైర్యము తెచ్చుకొనెను. రోగి బ్రతికెను. అదే హైడెల్బర్గ్ పీఠమున సైమన్ తరువాత కూర్చున్న విన్సెంజ్ చెర్నీ 1887లో కిడ్నీ కంతిని మాత్రము కోసి తీసి, తక్కిన కిడ్నీని మిగిల్చెను. కంతి కొరకు చేసిన మొదటి పాక్షిక శస్త్రచికిత్స యదియే. పద్దెనిమిది సంవత్సరముల వ్యవధిలో ఒకే ఆచార్యపీఠము నుండి రెండు మార్గములును బయలుదేరినవి.

ఆ కాలముననే మన మూసీ తీరమున జరిగిన కార్యమొకటి ఇచట స్మరింపదగియున్నది. ఇంతటి సుదీర్ఘమైన, లోతైన కోతలు సాధ్యమగుటకు రోగి కదలక మెదలక, ప్రాణభయము లేక నిద్రించవలెను గదా! అఫ్జల్‌గంజ్‌లో 1866లో వెలసిన ఆసుపత్రియు, 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్యపాఠశాలయు ఆ నిద్రను గూర్చిన విచారణకు రంగస్థలములైనవి. రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసాహాయ్యముతో, 1888లోను 1889లోను క్లోరోఫారం కమిషన్లను నడిపించెను. రెండవ పర్యాయము లండను నుండి లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ వంటి శాస్త్రజ్ఞుడు ఇచటికి వచ్చెను. మత్తునిచ్చువాడు నాడిని కాక శ్వాసను కనిపెట్టి యుండవలెనని లారీ చేసిన వాదములో సగమే సత్యమనియు, క్లోరోఫారము గుండెను నేరుగా దెబ్బతీయగలదనియు తరువాతి పరిశోధకులు తేల్చిరి. అయినను రోగి ప్రతి శ్వాసను కాపలా కాయవలెనను నియమము నిలిచినది. ఆ ప్రయోగములలో పాలుపంచుకొన్న రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచమున తొలితరము మహిళా మత్తువైద్యులలో ఒకరుగా నేడు కీర్తింపబడుచున్నారు.     

చెర్నీ చూపిన దారి చాలకాలము పాడుపడి యుండెను. రక్తస్రావమును అదుపు చేయుట కష్టముగాను, మూత్రము కారుట సామాన్యముగాను ఉండిన ఆ దినములలో, కిడ్నీని మొత్తము తీయుటయే రోగికి క్షేమముగా తోచెను. కెనడా దేశీయుడు చార్లెస్ రాబ్సన్ 1960వ దశకమున కిడ్నీతోపాటు దాని చుట్టునున్న కొవ్వును, పొరను, అడ్రినల్ గ్రంథిని, శోషరస గ్రంథులను కూడ ఏకముగా తొలగించు పద్ధతిని స్థిరపరచి, మంచి ఫలితములు చూపెను. వచ్చిన కంతులన్నియు పెద్దవే యైన కాలమున అది ఉత్తమమార్గమే. 1950లోనే విన్సెంట్ వెర్మూటెన్ అను వైద్యుడు, అంచున ఉన్న చిన్న కంతిని కొద్దిపాటి ఆరోగ్యకణజాలముతో కోసి తీయవచ్చునని వ్రాసెను గాని, వినినవారు తక్కువ. ఒకే కిడ్నీ ఉన్నవారికి, రెంటిలోను కంతులున్నవారికి గత్యంతరము లేక ఈ చికిత్స చేయుచు, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఆండ్రూ నోవిక్ ఏండ్ల తరబడి ఫలితములు ప్రకటించిన పిమ్మట, అవసరార్థము చేసిన చికిత్సలో క్యాన్సరు తిరిగి తలయెత్తుట ఇంత అరుదైనప్పుడు, ఇంకొక కిడ్నీ బాగుగా ఉన్నవారికి మాత్రము ఏల చేయరాదను ప్రశ్న బలము పుంజుకొనెను.

ఆ ప్రశ్నకు బలమైన సాక్ష్యము 2006లో వచ్చినది. న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ క్యాన్సరు కేంద్రమున 4 సెంటీమీటర్ల లోపు కంతులకు చికిత్స పొందిన 662 మంది రికార్డులను విలియం హువాంగ్ బృందము పరిశీలించెను. వారందరికిని రెండు కిడ్నీలున్నవి, కిడ్నీలు వడకట్టి బయటకు పంపవలసిన క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము రక్తములో సామాన్యముగానే ఉన్నది. అయినను లెక్క కట్టి చూడగా అందులో నూటికి 26 మందికి శస్త్రచికిత్సకు ముందే కిడ్నీల శక్తి తగ్గియున్నదని తేలినది; క్రియాటినిన్ అంకెను చూచి నిశ్చింతగా ఉండరాదను పాఠము ఇందున్నది. మూడేండ్ల తరువాత, నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కించెడి కిడ్నీల వడకట్టు శక్తి 60 అంకె కన్న దిగువకు పడిపోక నిలిచినవారు, కంతిని మాత్రమే తీసినవారిలో నూటికి 80 మంది. కిడ్నీని మొత్తము తీసినవారిలో 35 మంది మాత్రమే. ఈ అంకెలను మొదటిసారి చదివిన ఏ వైద్యుడైనను, ఏ రోగియైనను నిర్లిప్తముగా ఉండలేడు. 2009 నాటికి అమెరికా యూరాలజీ సంఘము చిన్న కంతులకు కిడ్నీని నిలిపెడి శస్త్రచికిత్సను ప్రామాణికముగా ప్రకటించెను.

ఎదుటి పక్షము సాక్ష్యమును దాచుట నాకు సమ్మతము కాదు. ఐరోపాలో 541 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి చేసిన పరీక్ష ఫలితములు 2011లో వెలువడినవి. పదేండ్లకు బ్రతికియున్నవారు మొత్తము కిడ్నీ తీసిన వర్గమున నూటికి 81, కంతి మాత్రము తీసిన వర్గమున 76. కిడ్నీని నిలిపినందువలన ఆయువు పెరుగునని నిరూపించుటకు ఆ పరీక్ష తోడ్పడలేదు. క్యాన్సరు వలన చనిపోయినవారు రెండు వర్గములలోను స్వల్పమే. అదే పరీక్షలో వడకట్టు శక్తి 60 కన్న దిగువకు పడినవారు మొదటి వర్గమున నూటికి 86 మంది, రెండవ వర్గమున 65 మంది. డయాలసిస్ దాక పోయెడి తీవ్రస్థితి మాత్రము రెంటిలోను సమానముగా, నూటికి ఇద్దరి లోపుననే ఉన్నది. కావున ఈ చికిత్స చేయించుకొన్నవాడు తప్పక దీర్ఘాయుష్మంతుడగునని చెప్పుట అతిశయోక్తి. కిడ్నీల శక్తి మరింత నిలుచునని చెప్పుట సత్యము. ఆ శక్తి ఎవరికి ఎక్కువ అవసరమన్నదే అసలు విచారము.

ఈ విచారమున మన దేశస్థితిని తలచుకొన్నప్పుడు నా మనస్సు కిడ్నీని నిలుపుటవైపే మొగ్గును. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేక్షణ ప్రకారము దేశమున చక్కెరవ్యాధిగ్రస్తులు 10 కోట్ల 10 లక్షలు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు. ఈ రెండును కిడ్నీలను నిశ్శబ్దముగా తినివేయునవి. నేడు 55వ యేట ఒక కిడ్నీ పోగొట్టుకొన్న మనుష్యునకు మిగిలిన కిడ్నీ ఇంకను పాతికేండ్లు పని చేయవలసియుండును. ఆ పాతికేండ్లలో చక్కెర దానిని ఎంత మిగుల్చునో ఎవరు చెప్పగలరు? కిడ్నీలు పోయినప్పటి బ్రతుకు ఎట్టిదో తెలుగువారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో, కారణమింకను తేలని కిడ్నీ వ్యాధి కొబ్బరితోటల నడుమ ఎన్ని కుటుంబములను కుంగదీసినదో చూచుచునే యున్నాము. వారి కొరకు పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రి తెరువబడినది. వారమునకు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు యంత్రమునకు కట్టుబడి కూర్చుండవలసిన మనుష్యుని కూలి ఎవరిత్తురు? అవయవమార్పిడి కొరకు జీవన్‌దాన్ పథకమున పేరు నమోదు చేసికొని ఎదురుచూచువారి వరుస దీర్ఘమైనది. అట్టి దేశమున, కోసి పారవేయనక్కరలేని ఆరోగ్యవంతమైన కిడ్నీ కణజాలము ప్రతి గ్రామును అమూల్యమే.

ఇక శస్త్రచికిత్సను దగ్గరగా చూతము. రోగిని పక్కకు తిప్పి పడుకొనబెట్టి, నడుము వంగునట్లు బల్లను మడచి, తెరిచిన పద్ధతియైనచో పదకొండవ లేక పన్నెండవ పక్కటెముక వెంబడి కోసెదరు. లాపరోస్కోపు లేక రోబో పద్ధతియైనచో సుమారు సెంటీమీటరు రంధ్రములు కొన్ని చేసి, కడుపును వాయువుతో ఉబ్బించి, కెమెరాను పంపెదరు. మొదట పెద్దపేగును పక్కకు జరిపి, కిడ్నీకి వచ్చు ధమనిని, పోవు సిరను విడదీసి సిద్ధపరచుకొందురు. తరువాత కిడ్నీ మీది కొవ్వును ఒలిచెదరు. కంతి నెత్తి మీద ఉన్న కొవ్వును మాత్రము ముట్టరు, ఏలయనగా క్యాన్సరు అందులోనికి పాకినదో లేదో తరువాత పరీక్షింపవలసియుండును. వేలెడంత అల్ట్రాసౌండ్ సాధనమును కిడ్నీ మీదనే ఆనించి, కంతి లోపల ఎంత లోతు పోయినదో చూచుకొని, దాని చుట్టును విద్యుత్తుతో కాల్చి గీత గీయుదురు. అంతవరకు తొందర లేదు.

ధమని మీద బుల్‌డాగ్ అని పిలువబడెడి చిన్న బిగింపును వేసిన క్షణము నుండి తొందరయే. అంతవరకు ముదురు గులాబీరంగున మిసమిసలాడిన కిడ్నీ పాలిపోయి బూడిదరంగునకు తిరుగును. గడియారము చూచుచున్న నర్సు నిమిషములను బిగ్గరగా చెప్పుచుండును. రక్తము అందక వెచ్చగా ఉన్న కిడ్నీ 25 నిమిషములు, మించిన 30 నిమిషములు మాత్రమే పెద్ద నష్టము లేక ఓర్చుకొనగలదు. శస్త్రవైద్యుడు ముందు గీసిన గీత వెంబడి కత్తెరతో కోయుచు పోవును. కంతి పొరకు వెలుపల కొన్ని మిల్లీమీటర్ల మంచి కణజాలము అంటి వచ్చుట చాలును, పూర్వమువలె సెంటీమీటరు మందము అక్కరలేదు. కంతి వచ్చిన చోట గిన్నెవంటి గుంట మిగులును. దాని అడుగున తెగిన రక్తనాళముల నోళ్లును, ఒక్కొక్కప్పుడు తెరుచుకొన్న, కిడ్నీ లోపల మూత్రము చేరెడి అరయు కనబడును. వానిని సన్నని కరగెడి దారముతో మొదటి వరుసగా కుట్టి మూయుదురు. తరువాత గుంట అంచులను రెండవ వరుస కుట్టుతో దగ్గరకు చేర్చి, దారము మెత్తని కిడ్నీని కోసికొని పోకుండ చివరలందు చిన్న క్లిప్పులను బిగింతురు. మొదటి వరుస పూర్తియైన వెంటనే బిగింపును తీసివేసి, రెండవ వరుసను రక్తము ప్రవహించుచుండగనే కుట్టువారును ఉన్నారు. ఆ విధమున అయిదారు నిమిషములు ఆదా యగును. కంతి క్లిష్టమైన చోట ఉన్నచో, తెరిచిన పద్ధతిలో కిడ్నీ చుట్టును మంచుతురుము పోసి పది నిమిషములు చల్లబరచినయెడల గంట వరకును అది ఓర్చుకొనును. యంత్రములెన్ని వచ్చినను ఈ మంచు విద్య ఇంకను గౌరవనీయమైనదే.

లాపరోస్కోపు ద్వారా ఈ పని 1993లో మొదలైనది. దానిని క్యాన్సరు చికిత్సగా తీర్చిదిద్దినవారిలో భారతదేశమున వైద్యవిద్య నేర్చి అమెరికాకు వెళ్లిన ఇందర్‌బీర్ గిల్ ప్రముఖులు. 2004 నుండి రోబో వచ్చి చేరినది. మన నగరమున పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో 2023లో రోబో శస్త్రచికిత్స ఆరంభమగుటతో ఈ సౌకర్యము ప్రభుత్వరంగమునకును దక్కినది. రోబో తానై కోయదు. కొంచెము దూరమున కూర్చున్న వైద్యుని చేతివ్రేళ్ల కదలికలనే లోపలి పరికరములకు అందించును. మణికట్టువలె తిరిగెడి ఆ పరికరములతో ఇరుకు స్థలమున కుట్టు వేయుట సులభమగును, రోగి త్వరగా లేచి తిరుగును. కాని రోబో లేదను కారణమున కిడ్నీని మొత్తము తీయుట న్యాయము కాదని గట్టిగా చెప్పుచున్నాను. తెరిచిన పద్ధతిలో నడుము మీద మచ్చ మిగిలినను లోపల కిడ్నీ మిగులును. ఏ యంత్రమన్నది రెండవ ప్రశ్న. ఆ శస్త్రవైద్యుడు ఈ చికిత్సను తరచుగా చేయుచున్నాడా యన్నది మొదటి ప్రశ్న. పాతబస్తీ రోగి సంకోచింపక, "సార్, గడ్డ మట్టుకే తీసెటందుకు వీలైతదా? గుర్దా మొత్తం తీయాల్నంటే ఎందుకు తీయాలె?" అని అడుగవలెను. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగింపడు, స్కాను ఫిలిమును వెలుతురు మీద పెట్టి చూపును. ఖర్చు మాటకు వచ్చినచో, 2007లో ఆరంభమైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకము పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరున 10 లక్షల రూపాయలకు పెరిగినది; తన చికిత్స అందులో ఏ విధముగా వచ్చునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలిసికొనవలెను.

వీలుకాని సందర్భములును కలవు. కంతి ఎంత పెద్దది, ఎంత లోతైనది, కిడ్నీ లోపలి మూత్రపు అరకు ఎంత దగ్గర, ముందువైపా వెనుకవైపా, కిడ్నీ నడుమనా కొసనా యని అంకెలును గుర్తులును వేసి కష్టమును తూచెడి రెనల్ స్కోరు పద్ధతిని 2009లో కుటికోవ్, ఉజ్జో అను అమెరికా వైద్యులు ప్రవేశపెట్టిరి. 4 నుండి 6 వచ్చిన సులభము, 10 గాని అంతకు మించి గాని వచ్చిన మిక్కిలి కఠినము. కంతి సిరలోనికి పాకినను, కిడ్నీలో మంచి భాగము ఏమియు మిగులకున్నను మొత్తము తీయుటయే ధర్మము. ఎనుబదియేండ్లు దాటి, గుండెజబ్బుతో మంచము పట్టిన వృద్ధునకు 2 సెంటీమీటర్ల కంతి కనబడినచో కత్తి పట్టకుండుటయు చికిత్సయే. ఇట్టి కంతులు సగటున సంవత్సరమునకు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును, తొలి సంవత్సరములలో ఇతర అవయవములకు వ్యాపించుట చాల అరుదు. ఆరుమాసములకొకసారి స్కాను తీయించి కనిపెట్టి యుందురు. సూదిని గ్రుచ్చి కంతిని గడ్డకట్టించు, లేక కాల్చివేయు పద్ధతులును ఇట్టివారికి ఉన్నవి.

అపాయములు లేవని ఎవరైన చెప్పినయెడల నమ్మరాదు. మొత్తము కిడ్నీని తీయుట కన్న కంతిని మాత్రము తీయుట కష్టతరము, రక్తస్రావమునకు అవకాశము ఎక్కువ. కుట్టు నుండి మూత్రము ఊరి, లోపల గొట్టము వేయవలసి రావచ్చును. నూటికి ఒకరిద్దరికి, ఇంటికి వెళ్లిన వారము రెండు వారములకు, తెగిన ధమని కొసన చిన్న రక్తపు తిత్తి ఏర్పడి చిట్లి, మూత్రము ఎర్రబడును. అట్టివేళ ఒక్క గంటయు ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను. తొడలోని ధమని గుండ సన్నని గొట్టమును పంపి ఆ నాళమును మాత్రమే మూసివేసి, కిడ్నీని కాపాడుదురు. ఈ సంగతి రోగికే గాక ఇంటివారందరికిని చెప్పి పంపవలెను.

టి1ఎ దశలో తీసిన క్యాన్సరు రోగులలో నూటికి 95 మందికి పైగా అయిదేండ్ల వరకు ఆ వ్యాధి వలన ప్రాణభయము లేక ఉందురు. అయినను అయిదేండ్ల పాటు స్కానులు, ఛాతీ ఎక్స్‌రేలు మానరాదు. క్రియాటినిన్, మూత్రములో ప్రోటీను, రక్తపోటు ఏటేట చూపించుకొనవలెను. మోకాళ్ల నొప్పులకు మందులదుకాణమున అడిగి కొనుక్కొనెడి మాత్రలు, సీసము పాదరసము కలిసిన నాటు భస్మములు మిగిలిన కిడ్నీకి విషప్రాయములు. మరియొక చిన్న విషయము: శస్త్రచికిత్స అనంతరము తీసిన మొదటి స్కానులో, కుట్టు పడిన చోట రక్తము ఆపుటకు ఉంచిన పదార్థమో, అంచున చేర్చిన కొవ్వో గడ్డవలె కనబడి, కొత్తగా చూచువారిని భయపెట్టును. అందుచేత డిశ్చార్జి కాగితముతోను, లోపల ఏమేమి ఉంచిరో వ్రాసిన ఆపరేషన్ నోటుతోను కూడ ఆ మొదటి స్కానును భద్రపరచుకొని, ప్రతి పర్యాయము డాక్టరు ముందు పెట్టినయెడల, ఆ నీడ పాతదియే యని అతడు కొలిచి చెప్పగలుగును.